ఇప్పచెట్ల కింద బడి

రాళ్ళవాగు గూడెంలో బడి కమిటీకి పెద్దగా ఉన్న సోడె ముత్తయ్యకు, పక్కవాళ్ళను నలుగురూ మెచ్చుకుంటే చాలు, కడుపు రగిలిపోయేది. మనిషి చెడ్డవాడేమీ కాదు. బడి కట్టేటప్పుడు అడవి నుంచి వాసాలు మోసుకొచ్చిందీ, గోడలకు మట్టి తొక్కిందీ అతనే. బడి తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు.

ఆ గూడెంలో అందరూ కోయవాళ్ళే. ఇప్పపూలు రాలే కాలం వస్తే, కోడి కూయగానే పిల్లా పెద్దా బుట్టలు పట్టుకుని అడవికి పోయేవారు. పూలు ఏరకపోతే ఇల్లు గడవదు. ఆ నెల రోజులూ పంతులు ఖాళీ గదిలో ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు.

ఆ ఏడు కురసం ఇడమ్మ కమిటీలో లేచి నిలబడింది. పంతులు తెలుగులో చెప్పే పాఠాన్ని చిన్నపిల్లలకు కోయభాషలో విడమరిచి చెప్పేది ఆమే.

"పిల్లలు బడికి రాకుంటే బడినే అడవికి తీసుకుపోదాం" అంది.

అందరూ సరేనన్నారు. పంతులూ బయల్దేరాడు. పిల్లలు పూలు ఏరుతూ లెక్కలు నేర్చుకున్నారు, పుల్లలతో నేలమీద అక్షరాలు దిద్దారు. ఒక్కరూ బడి మానలేదు. గూడెమంతా ఇడమ్మను మెచ్చుకుంది.

ముత్తయ్యకు సుక్కి అని ఆరేళ్ళ మనవరాలు ఉండేది. తల్లి లేని పిల్ల. తాత పక్కన పడుకుంటే తప్ప నిద్రపోయేది కాదు. ఒకరోజు ఆ పిల్ల బుట్ట నెత్తిన పెట్టుకుని, "తాతా, ఇడమ్మ బడికి పోతున్నా" అంది.

ఆ మాట ముత్తయ్యకు ములుకులా గుచ్చుకుంది. 'మట్టి తొక్కింది నేను, పేరు ఇడమ్మదా?' అనుకున్నాడు. ఆ పూట అన్నం సహించలేదు. ఇడమ్మ ఎవరితో నవ్వుతున్నా, తనను చూసే నవ్విందనిపించేది.

అంతలో కబురొచ్చింది, గురువారం పొద్దున బడి చూడటానికి ఆఫీసరు వస్తున్నాడని. ముత్తయ్య ఆ కబురు ఎవరికీ చెప్పలేదు. ఖాళీ గది చూసి ఆఫీసరు ఇడమ్మను నాలుగు చీవాట్లు పెడతాడు, బడి మళ్ళీ తన చేతికొస్తుంది. ఇదీ అతని ఎత్తు.

గురువారం ఆఫీసరు వచ్చాడు. "పిల్లలేరయ్యా?" అన్నాడు.

"ఇడమ్మ అడవికి తోలుకుపోయింది సార్. చదువూ లేదు, గిదువూ లేదు" అన్నాడు ముత్తయ్య.

ఆఫీసరు తాపీగా కాగితం మీద రాసుకున్నాడు. "అయితే బడి మూసేస్తాం. సోమవారం జీపు వస్తుంది. పిల్లలు నది అవతలి హాస్టల్లో ఉంటారు. ఏడాదికి రెండుసార్లు ఇంటికి పంపిస్తాం."

"ఆరేళ్ళ పిల్లల్ని కూడానా సార్?"

"అందర్నీ."

ముత్తయ్య పైప్రాణాలు పైనే పోయాయి. "అబద్ధం చెప్పాను సార్! పిల్లలు బాగా చదువుతున్నారు!" అని కాళ్ళకు అడ్డం పడ్డాడు.

"ఇందాకటి మాట నమ్మాలా, ఇప్పటి మాట నమ్మాలా?"

"నా మాటే నమ్మొద్దు. వచ్చి మీ కళ్ళతో చూడండి."

ఆఫీసరు విసుక్కుంటూనే వెంట నడిచాడు. ఇప్పచెట్ల కింద ఇరవై ఆరుగురు పిల్లలు ఉన్నారు. సుక్కి పూలను పదేసి చొప్పున కుప్పలు పెట్టింది. ముందు కోయలో, తర్వాత తెలుగులో వంద దాకా గడగడా లెక్కపెట్టింది. ఆఫీసరు కాగితం తీసి, తను రాసింది కొట్టేశాడు.

"మరి ఈ పెద్దాయన చదువే లేదన్నాడేం?" అని అడిగాడు.

అందరూ ముత్తయ్య వైపు తిరిగారు. అతను తలవంచుకుని, కబురు దాచిన సంగతి చెప్పేశాడు. "ఇడమ్మకు పేరొస్తే ఓర్వలేకపోయాను" అన్నాడు. అప్పటిదాకా తాత చెయ్యి పట్టుకుని ఉన్న సుక్కి ఆ చెయ్యి వదిలేసి, వెళ్ళి ఇడమ్మ పక్కన నిలబడింది. ఆఫీసరు తిట్టినా ముత్తయ్యకు అంత బాధ అయ్యేది కాదు.

అతను మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇడమ్మ ముందు పెట్టాడు.

ఇడమ్మకు కోపం వచ్చింది. అయినా తాళంచెవి తీసి అతని చేతిలోనే పెట్టింది.

"అడవికి తాళమెందుకు మావా? నీ దగ్గరే ఉంచుకో. రేపు మాత్రం కోడి కూయగానే రా. బుట్ట తెచ్చుకో" అంది.

మర్నాడు అందరికంటే ముందు వచ్చింది ముత్తయ్యే. సుక్కి కాసేపు చూసి, తన బుట్ట తాత బుట్ట పక్కన పెట్టింది.

నలుగురూ కలిసి నిలబెట్టుకున్నదాన్ని అసూయతో కూల్చబోతే, అది ముందు మన పిల్లల మీదే పడుతుంది.