వైద్యుడి గోడ

కల్లు మాన్పిస్తానని ఊరూరా దండోరా వేయించే వైద్యుడు భద్రప్పకు మందుల కంటే తన వైద్యశాల గోడ మీద శ్రద్ధ ఎక్కువ. "నా దగ్గర చేరినవాడెవడూ మళ్లీ తాగలేదు" అని దాని మీద రాయించి, కింద వాళ్ల నవ్వుమొహాలు గీయించాడు. రాజ్యంలోని తాగుబోతులందర్నీ అతనికే అప్పగిద్దామని రాజు చూడవచ్చాడు.

"ఈ బొమ్మల్లోవాళ్లను ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

జనంలోంచి నూకాలు ముందుకొచ్చింది. "అందర్నీ ఎరుగుదును మారాజా. ఆ రాత నిజమే. ఒక్కడూ మళ్లీ తాగలేదు."

భద్రప్ప మీసం దువ్వాడు.

"నీకెలా తెలుసు?" అన్నాడు రాజు.

"నేను కాటికాపరిని. వీళ్లందరికీ కట్టెలు పేర్చింది నేనే."

నూకాలు గోడ చివర ఇంకా తడిగా ఉన్న బొమ్మ వైపు చెయ్యి చూపించింది.

"ఆ ఒక్కడే మిగిలాడు, మా తమ్ముడు. మొన్ననే చేరాడు, ఇంకా లోపలే ఉన్నాడు. రంగు ఆరకముందే తలుపు తీయించండి మారాజా."