గఫూర్ సార్ పెట్టిన పది నిమిషాలు

వినీలకు కోపం వచ్చిందంటే ఎవరూ చెప్పనక్కర్లేదు, కీబోర్డే చెప్పేది. ఆ రోజు మధ్యాహ్నం ఆ చప్పుడు పక్కగదిలో భోజనాలు చేస్తున్న వాళ్ళక్కూడా వినబడింది.

అది కడపలో ఒక పాల కంపెనీ హెడ్డాఫీసు. చుట్టుపక్కల ఊళ్ళలో పాలు దించుకుని చల్లబరిచే చిల్లింగ్ సెంటర్లన్నిటినీ ఆఫీసుతో కలిపి ఉంచే నెట్‌వర్కు పని ఇద్దరు చూసేవాళ్ళు. పెద్దాయన గఫూర్ సార్. తల నెరిసి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆయన కింద వినీల. బెంగళూరులో పెద్ద కంపెనీలో పనిచేసి, ఆ ఊరి ట్రాఫిక్ పడలేక వచ్చేసిన పిల్ల.

సెక్యూరిటీ అంటే ఆమెకు ప్రాణం. ఆమె వచ్చాక ఆఫీసు కంప్యూటర్లలో పెన్‌డ్రైవు పెట్టే చోట్లన్నీ మూతబడ్డాయి. పాస్‌వర్డులు బారెడు పొడుగయ్యాయి. తెలియని మెయిళ్ళు తెరవొద్దని గోడగోడకీ కాగితాలు అంటించింది. జనం లోలోపల గొణుక్కున్నారు గానీ, ఆమె చేసింది మంచి పనే. అది కూడా చెప్పుకోవాలి.

ఇంత చేసినా ఆ పొద్దున బద్వేలు అవతలి సెంటర్లో కంప్యూటరు చూసే ఓబులేసు కొంప ముంచినంత పని చేశాడు. కరెంటు ఆఫీసు నుంచి వచ్చినట్టే ఉన్న మెయిల్ ఒకటి ఆయనకు వచ్చింది. బిల్లు కట్టలేదు, సాయంత్రానికల్లా కరెంటు తీసేస్తాం, ఆపాలంటే ఇక్కడ నొక్కండి అని. అసలే ఎండాకాలం. కరెంటు పోతే ట్యాంకులో పాలు ఏమవుతాయో ఓబులేసుకు తెలుసు. నొక్కాడు. అడిగిన చోట ఆఫీసు పాస్‌వర్డు కూడా కొట్టాడు. కాసేపటికి అనుమానం వచ్చి, తనే వినీలకు ఫోన్ చేశాడు.

"తప్పు చేసినా మేడమ్" అన్నాడు.

వినీల వెంటనే పాస్‌వర్డు మార్చింది. కంప్యూటరంతా గాలించి శుభ్రం చేసింది. అదృష్టం బాగుండి ఏమీ పోలేదు. పని అయిపోయింది గానీ కోపం అయిపోలేదు. కూర్చుని పైవాళ్ళకు ఉత్తరం కొట్టి, ప్రింటు తీసుకుని గఫూర్ సార్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సార్, సంతకం కావాల."

గఫూర్ సార్ అద్దాలు పైకి తోసుకుని మెల్లగా చదివారు.

"ఓబులేసును తీసేయమని రాసినావే."

"ఒకర్ని తీసేస్తే అందరికీ బుద్ధొస్తాది సార్. మనం ఎన్ని తాళాలు వేస్తే ఏం లాభం, లోపలుండేవాళ్ళే తలుపు తీసి రమ్మంటాంటే?"

"ఆయన నొక్కినట్టు నీకెట్ల తెలిసె?"

"ఆయనే ఫోన్ చేసి చెప్పినాడు."

"ఊఁ" అన్నారు గఫూర్ సార్.

ఇక మొదలుపెడతారు, మా కాలంలో అంటూ ఒక గంట తినేస్తారు అని వినీల సిద్ధంగా నిలబడింది. ఆయన మాత్రం కాగితాన్ని టీ గ్లాసు కింద పెట్టారు.

"సంతకానికేముంది, పెడదాం. ముందు ఆ సెంటరు రౌటర్ చూడు. ఆ దొంగ మెయిల్ తీసుకుపోయే చోటికి అక్కడి నుంచి ఇంకెవరూ పోకుండా అడ్డం పెట్టు. పాల టైము కాకముందే అయిపోవాల."

రౌటర్ అంటే ఆ సెంటరుకు వాకిలి లాంటి పెట్టె. వచ్చేదైనా పోయేదైనా దాన్ని దాటాల్సిందే. పెట్టె బద్వేలు అవతల ఉన్నా, దాని లోపలికి ఇక్కడ కడపలో కూర్చునే వెళ్ళి పని చేయవచ్చు.

వినీల తన కుర్చీలోకి వచ్చి నీళ్ళు తాగేలోపు, గఫూర్ సార్ తన కంప్యూటరు మీద రెండువేళ్ళతో ఏదో ఒక ముక్క కొట్టారు. "ఇప్పుడు చేసుకో తల్లీ" అని, ఫ్లాస్కు తీసుకుని టీ పోసుకోవడంలో పడ్డారు.

ఇలాంటి పని వినీల నిద్రలో కూడా చేయగలదు. ఏది పోకూడదో, ఏవి పోవచ్చో వరసగా రాసి ఆ పెట్టెకు ఇవ్వాలి. అంతే. కానీ కోపంలో ఉన్న చెయ్యి మనసు కంటే ముందు పోతుంది. వేళ్ళు రాస్తున్నాయి గానీ మనసులో ఓబులేసుతో పోట్లాట నడుస్తూనే ఉంది. ఇంత నేర్పించినా, ఇంత చెప్పినా, గోడ మీద రాసి అంటించినా!

ఎంటర్ కొట్టింది.

స్క్రీను బిగుసుకుపోయింది.

ఇంకోసారి కొట్టింది. కదల్లేదు. మళ్ళీ లోపలికి వెళ్ళబోతే రానివ్వలేదు. గోడ మీద పెద్ద తెరలో సెంటర్ల పేర్లన్నీ పచ్చగా ఉంటే, బద్వేలు అవతలిది ఒక్కటి ఎర్రబడింది.

ఏం చేసిందో అప్పుడు తెలిసింది. దొంగను ఆపమని రాసింది. మిగతావాళ్ళను పోనిమ్మని రాయడం మరచిపోయింది. పోనిమ్మని రాయని వాళ్ళందర్నీ ఆ పెట్టె దొంగల కిందే జమకడుతుంది, అది దాని గుణం. ఈ సంగతి తెలియనివాళ్ళు ఈ ఉద్యోగంలో ఉండరు. పని కొత్తలో అందరూ ఒకసారి చేసి, నవ్వులపాలై, మానేసే తప్పు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. ఇప్పుడా పెట్టె ఎవరినీ రానివ్వదు, వినీలను కూడా.

ఫోన్ మోగింది. ఓబులేసు.

"మేడమ్, స్క్రీను కదల్లేదు. పాలబండ్లు వచ్చి నిలబడినాయి. వెన్న శాతం కొట్టనీకి కావడం లేదు." వెనక నుంచి క్యాన్ల చప్పుడు, ఎవరో తొందరపెడుతున్న గొంతు. ఓబులేసు గొంతు తగ్గించాడు. "మేడమ్... మళ్ళా నేనే ఏమన్నా చేసినానా?"

"లేదు లేదు. టెలిఫోన్ వాళ్ళ లైను పోయింది. ఉండండి, వస్తుంది" అంది వినీల.

అనేసింది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. అంత సులువుగా వచ్చింది.

ఫోన్ పెట్టేసి తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. గఫూర్ సార్ ఆమె వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది. టీని ఊదుకుంటూ తాగుతున్నారు ఆయన.

తలలో లెక్కలు తిరగసాగాయి. జీపులో పోతే చేరేసరికి గంటలు పడుతుంది. అప్పటిదాకా ఆ పాలు ఎండలో ఉంటాయి. ఓబులేసుకు ఫోన్‌లో చెప్పి ఆ పెట్టె ఆపి మళ్ళీ వేయిస్తే, తను రాసింది చెరిగిపోతుంది. కానీ లైను పోయిందని చెప్పిన నోటితో ఇప్పుడు ఏమని చెప్పాలి? పోనీ లైను వాళ్ళకు ఒక ఫిర్యాదు పెట్టేస్తే? ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చేసరికి తన మీద తనకే భయం వేసింది.

లేచి వెళ్ళి బల్ల ముందు నిలబడింది. గ్లాసు కింద ఉత్తరం అలాగే ఉంది.

"సార్. లైను పోలేదు."

"ఊఁ."

"నేనే మూసేసినా. మిగతావాళ్ళను పోనిమ్మని రాయలేదు. నన్ను నేనే బయట పెట్టుకున్నా సార్. ఓబులేసుకు అబద్ధం చెప్పినా."

గఫూర్ సార్ ఇంకో గ్లాసు తీసి, టీ పోసి, ఆమె ముందుకు జరిపారు.

"కూర్చో. తాగు."

"పాలు విరిగిపోతాయి సార్!"

"విరగవులే. తాగు."

ఆయన ఒకసారి గడియారం చూశారు. వినీల గ్లాసు పట్టుకుంది గానీ కళ్ళు గోడ మీది తెర మీదే ఉండి, టీ ఒలికి చీర మీద పడింది. ఆయన చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరిగి, జేబులోంచి సోంపు తీసి నోట్లో వేసుకున్నారు.

గోడ మీద ఎర్రగా ఉన్న పేరు అలాగే కాసేపు ఉండి, పచ్చబడింది.

వినీల గభాలున లేచి కంప్యూటరు దగ్గరికి పరుగెత్తింది. పెట్టె పలికింది. లోపలికి రానిచ్చింది. వెళ్ళి చూస్తే ఆమె రాసిందేదీ లేదు, పొద్దుట ఎలా ఉందో అలా ఉంది.

"ఇదెట్లయింది సార్?"

"నువ్వు చెయ్యి పెట్టకముందే దానికి ఒక మాట చెప్పి పెట్టినా. పది నిమిషాలు చూడు, మేం మళ్ళా వచ్చి సరే అనకపోతే, ఒకసారి పడుకొని లెయ్యి, పాత దారికే వచ్చేయ్ అని."

ఆ విద్య వినీలకు తెలియనిది కాదు. దూరాన ఉన్న పెట్టెను ముట్టుకునేటప్పుడు పాతకాలం వాళ్ళు చేసే పని అది. పిరికివాళ్ళ పని అని ఆమె ఎప్పుడూ చేసేది కాదు.

"నేను తప్పు చేస్తానని మీకు ముందే తెలుసా?"

"నాకేం తెల్సు? నేను చేసేటప్పుడూ పెట్టుకుంటా. ఎన్నిసార్లు కాపాడిందో." ఆయన నవ్వారు. "దూరంగా ఉండేవాటిని కదిలిచ్చే ముందు, తిరిగొచ్చే దారి ఒకటి పెట్టాల తల్లీ."

తర్వాత టీ గ్లాసు పక్కకు జరిపి ఉత్తరం బయటికి లాగారు. గ్లాసు తడికి దాని మీద గుండ్రంగా మరక పడింది. జేబులోంచి పెన్ను తీసి మూత తిప్పారు.

"సంతకం అడిగితివే. యాడ పెట్టాల?"

వినీల తల వంచుకుంది. చెయ్యి చాచి, ఆయన వేళ్ళ కింద నుంచి ఆ కాగితం తీసుకుంది. మడిచింది. ఇంకా మడిచింది. చింపి చెత్తబుట్టలో వేసింది.

తన బల్ల దగ్గరికి పోయి అడ్డం పెట్టే పని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ముందుగా ఆ పది నిమిషాల మాట తనే చెప్పింది. నిదానంగా రాసింది. రాసింది చదువుకుంది. అంతా సరిగా నడుస్తోందని చూసుకున్నాక, పది నిమిషాల మాట వెనక్కి తీసుకుని, ఓబులేసుకు ఫోన్ చేసింది.

"వచ్చింది మేడమ్, వచ్చింది. బండ్లు దించుతాండాం. ఆ లైనోళ్ళకు చెప్పినారా?"

"అన్నా, లైను వాళ్ళది కాదు తప్పు. నాది."

అవతల క్యాన్ల చప్పుడు వస్తోంది.

"మీ దగ్గరుండే పెట్టెలో నేనే తప్పు రాసి, మీ సెంటరును మూసేసినా. లైను పోయిందని మీకు అబద్ధం చెప్పినా. భయమేసి."

"మీకు భయమా మ్మా?" అన్నాడు ఓబులేసు. మేడమ్ అనడం మరచిపోయాడు.

"చానా భయమేసింది అన్నా."

ఓబులేసు ఫోన్ చేత్తో మూసి ఎవరితోనో ఏదో చెప్పి, అక్కడి నుంచి దూరంగా నడిచినట్టున్నాడు. చప్పుళ్ళు తగ్గాయి.

"అట్లయితే మీకొకటి చెప్పాల మ్మా. చెప్పొచ్చో లేదో అని పొద్దుట్నుంచి నమిలి మింగుతాండా. ఆ మెయిల్ నా ఒక్కనికే రాల్యా. మా పక్క సెంటర్లో కొత్తగా చేరిన పిల్ల ఉండాది, శివజ్యోతి. ఆ పిల్లా నొక్కిందంట. నిన్ననే. పొద్దున నా సంగతి తెలిసి నాకు చెప్పింది. పాస్‌వర్డు కూడా కొట్టిందంట. ఉద్యోగం పోతాదని ఏడ్చి ఏడ్చి, ఎవరికీ చెప్పాకన్నా అని ఒట్టు పెట్టిచ్చుకునింది నాతో."

వినీల కుర్చీలోంచి లేచి నిలబడింది. నిన్నటి నుంచి! నిన్నటి నుంచి ఒక తలుపు బార్లా తెరిచి ఉంది. తను అంటించిన కాగితాలు, వేసిన తాళాలు, ఏవీ ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

"ఆ పిల్లను ఏమీ అనరు కదమ్మా?" అన్నాడు ఓబులేసు. "అనాకండి మ్మా. ఒట్టు తప్పినా."

"అనను అన్నా. మీరు చేసిన మేలు మరిచిపోను."

ఫోన్ పెట్టేసి ఆమె గఫూర్ సార్‌కు అంతా చెప్పింది. ఆమె ముగించేలోపే ఆయన తన కంప్యూటరు ముందుకు జరిగి, శివజ్యోతి పాస్‌వర్డు పనిచేయకుండా ఆపేశారు. ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"తాళం నేను చూసుకున్నా" అన్నారు. "పిల్లను నువ్వు చూసుకో."

వినీల శివజ్యోతి నంబరు వెతికి ఫోన్ చేసింది. అవతల చాలాసేపు మోగాక, హెడ్డాఫీసు నంబరు చూసి ఊపిరి బిగబట్టిన గొంతు ఒకటి హలో అంది.

"శివజ్యోతీ, నేను వినీలక్కను. భయపడొద్దు. ఇందాక నేనొక తప్పు చేసినా, ముందు అది చెప్తా విను."