దడికి ముందు తడిక

అనగనగా ఒక ఊరుందమ్మా. ఆ ఊళ్ళో వాన కురుస్తుంది, ఎవరూ తడవరు. పంట పండుతుంది, ఎవరి చేతికీ మట్టి అంటదు. అదెక్కడి ఊరంటావా? ఫోనులో ఊరు. నవ్వకు మరి. ఈ ముసలిదానికి ఆటల సంగతేం తెలుసనుకోకు, పక్కన కూర్చుని చూసినదాన్నే. దుప్పటి కప్పుకుని విను.

ఆ ఊళ్ళో ఒక చేను. ఆ చేనుకి ఇద్దరు ఆసాములు. పెద్దామె మైథిలి, ఆరో తరగతి చదివే పిల్ల. చిన్నామె బుల్లి, మైథిలి పిన్ని కూతురు, ఇంకా పాలపళ్ళు ఊడుతున్న వయసు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఎవరి ఫోను వాళ్ళు పట్టుకుని, ఇద్దరూ ఒకే చేను చేసుకునేవాళ్ళు. మైథిలికొక బొమ్మ, బుల్లికొక బొమ్మ. ఆ బొమ్మలే దున్నుతాయి, అవే నీళ్ళు పోస్తాయి. మైథిలి ఇల్లు చేను మధ్యలో. బుల్లి గుడిసె వాగు ఒడ్డున, చేనుకి కాస్త ఎడంగా. బాతులు కనబడాలని అక్కడ వేయించుకుంది.

ఆ చేనుకి ఒక మేక కూడా ఉంది. నుదుటి మీద తెల్లమచ్చ. దానికి చుక్క అని పేరు పెట్టింది బుల్లి వాళ్ళమ్మ, సుభద్ర పిన్ని. అప్పటికే పిన్నికి ఒంట్లో బాగుండేది కాదు. మంచం మీద పడుకునే పిల్లలిద్దరి ఆటా చూసేది. "చుక్క మేత మేసిందా?" అని అడిగేది. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆమె పోయింది.

అప్పుడు బాబాయి బుల్లిని తీసుకుని తన ఉద్యోగం ఉన్న ఊరికి వెళ్ళిపోయాడు. బుల్లి మాట్లాడటం మానేసింది. ఫోను చేస్తే "ఊఁ" అనేది, లేకపోతే "ఊహూఁ" అనేది, అంతే. కానీ సాయంత్రమయ్యేసరికి ఫోనులో ఊరికి మాత్రం వచ్చేది. మైథిలి బొమ్మ వెనకాలే నడిచేది. మేకకి మేత వేసి, కాసేపు దాని పక్కన నిలబడి వెళ్ళేది. ఆ పిల్ల ఇంకా తమతో ఉందని మైథిలికి తెలిసే దారి అదొక్కటే.

ఇంతలో ఆ ఊళ్ళో జాతర వస్తోందన్నారు. అందరికంటే పెద్ద గుమ్మడికాయ పండించినవాళ్ళ ఇంటిమీద జెండా ఎగరేస్తారట. మైథిలికి ఆశ పుట్టింది. పిల్ల కదా, పుట్టదూ?

మేకకి జాతర ఏం తెలుసు? ఒకరోజు చిక్కుడు పాదు తినేసింది. మైథిలి ఊరుకుంది. ఆ తర్వాత జొన్న మొక్కలు కొరికేసింది. మైథిలి విసుక్కుంది. ఆ తర్వాత గుమ్మడి తీగ కొస నమిలేసింది. అప్పుడు మైథిలికి నెత్తురు మరిగింది. ఇంక దడి కట్టాల్సిందే అనుకుంది. కట్టడమంటే సరే, దేనికి కట్టాలి? చేనుకా, మేకకా?

బళ్ళో రజియాని అడిగింది. రజియాకి ఆ ఆట కొట్టినపిండి. "మేక చుట్టూ కట్టెయ్ మైథిలీ, పీడా పోతుంది. కాకపోతే కట్టేసిన మేక అలుగుతుంది, పాలివ్వదు" అంది.

తాతయ్యని అడిగింది. తాతయ్యంటే సుభద్ర పిన్ని నాన్న. "చేనుకి దడి కడతారు గానీ, మేకకి దడి ఏమిటే పిచ్చిదానా" అన్నాడు.

ఆ తర్వాత ఫోను చేసి బుల్లినే అడిగింది. "చుక్కని కట్టేద్దామా?" "ఊహూఁ" అంది బుల్లి.

సరే, చేనుకే కట్టింది. ఇల్లూ చేనూ మేక పడుకునే పాకా అన్నీ కలిపి, చుట్టూ కర్రలు పాతింది. కర్రలు సరిగ్గా సరిపోయాయి గానీ తడికకి మిగల్లేదు. అదేలే, రాకపోకలకి తలుపు. నేను లోపలే ఉన్నాను కదా, నాకు తలుపెందుకు అనుకుంది. మేక అప్పుడు వాగు అవతల మేస్తోంది. బుల్లి గుడిసె కూడా దడికి బయటే పడింది. మైథిలి మనసులో గుమ్మడికాయ తప్ప ఇంకేం లేదు.

ఆ సాయంత్రం గంట మోగింది. బుల్లి గుడిసె ముందు ఒక గంట ఉండేది. ఇక్కడ కొడితే అక్కడ మైథిలి ఫోనులో మోగేది. మైథిలి విన్నది. బుల్లిని రానిస్తే మళ్ళీ మేకని లోపలికి తోలుకొస్తుంది, జాతర అయ్యేదాకా ఉండనీ అనుకుంది. మర్నాడు మళ్ళీ మోగింది. ఉండవే బాబూ అనుకుంది. ఆ మర్నాడూ మోగింది. మైథిలి ఫోను శబ్దం తగ్గించేసింది.

నాలుగో రోజు గంట మోగలేదు. వాగు ఒడ్డున గుడిసెలో దీపం లేదు. బుల్లి బొమ్మా లేదు, మేకా లేదు. గుమ్మడికాయ మాత్రం నిగనిగలాడుతోంది. మైథిలికి దాన్ని చూస్తే సంతోషం రాలేదు. వెతుకుదామని బయల్దేరింది. దడి దాకా వెళ్ళింది, ఆగిపోయింది. తలుపు పెట్టుకోలేదు కదా, తనెట్లా వెళ్తుంది? కట్టిన కర్రలు పీకడానికి చెయ్యి రాలేదు. తను కట్టిన దడిలో తనే ఇరుక్కుంది.

ఫోను పక్కన పడేసి పెరట్లోకి వచ్చింది. అక్కడ తాతయ్య నిజం దడి కడుతున్నాడు, బీరపాదులకి. ఇంకా ఒక్క కంప కూడా వెయ్యలేదు. రెండు గుంజలు పాతి, వాటికి తడిక కడుతున్నాడు. చుట్టూ అంతా ఖాళీ నేల, మధ్యలో తలుపొక్కటీ నిలబడింది. చూడ్డానికి నవ్వొచ్చేలా ఉంది.

"దడే లేదుగా తాతయ్యా, అప్పుడే తడికెందుకు?"

"తడికే ముందు కట్టాలమ్మా. మనవాళ్ళు ఎటునుంచి వస్తారో చూసుకుని అక్కడ తడిక పెట్టాలి. ఆ తర్వాతే దడి. దడి వేసేశాక తడిక గుర్తొస్తే ఏం లాభం?"

"మరి ఈ మూలే ఎందుకు? నుయ్యి అటుంది కదా."

తాతయ్య తాడు ముడి బిగించి, ఆ ముడినే చూస్తూ చెప్పాడు. "ఇదివరకు నుయ్యి ఇటుండేది. మీ పిన్ని చిన్నప్పుడు బిందె చంకనేసుకుని ఇటునుంచే వచ్చేది. ఏటేటా దడి మారుస్తాను గానీ తడిక మార్చబుద్ధి కాదు."

మైథిలి లోపలికి పరిగెత్తింది. ఫోను తీసి ఒక్కొక్క కర్రా పీకింది. గుమ్మడి తీగ పక్కనున్న కర్రలు పీకేటప్పుడు కూడా చెయ్యి ఆపలేదు. ఆ తర్వాత వాగు దాటింది. వాగు దాటి గుట్ట ఎక్కింది. గుట్ట దిగితే అడవి.

ఆ ఆటలో ఒక రివాజుంది. పొద్దుగూకాక బయట ఒంటరిగా ఉండిపోయిన జంతువు అడవిలోకి వెళ్ళిపోతుంది. ఇంక తిరిగి రాదు. పక్కన మనిషుంటే మాత్రం కదలదు.

అడవి అంచున తెల్లమచ్చ కనబడింది. చుక్క పడుకుని ఉంది. దాని పక్కనే బుల్లి బొమ్మ, నిలబడి ఉంది.

మైథిలి బాబాయికి ఫోను చేసింది. "మూడు రోజులైందమ్మా, ఫోను చేతిలోంచి దించట్లేదు" అన్నాడు బాబాయి. "అన్నం నేనే కలిపి పెడుతున్నాను. నిద్రపోయేటప్పుడు ఫోను నన్ను పట్టుకోమంటుంది. నాన్నా, నువ్వు చుక్క పక్కన నిలబడు అని సైగ చేస్తుంది. ఏం చెయ్యను, నిలబడుతున్నాను."

"బుల్లికి ఇవ్వు బాబాయ్."

ఫోను చేతులు మారింది. ఊపిరి వినబడుతోంది. మైథిలి "బుల్లీ" అంది. "ఊఁ" అనలేదు. "బుల్లీ, నేనొచ్చాను చూడు" అంది. అప్పుడూ అనలేదు. మైథిలి తన బొమ్మని తీసుకెళ్ళి మేకకి రెండో పక్కన నిలబెట్టింది.

అప్పుడు బుల్లి మాట్లాడింది.

"నేను గంట కొట్టానక్కా. నువ్వు రాలేదు."

మైథిలికి ఏడుపొచ్చేసింది.

"అమ్మని కూడా పిలిచాను. అమ్మా రాలేదు" అంది బుల్లి.

ఇద్దరూ ఏడ్చారు, అక్కడొకరూ ఇక్కడొకరూ. ఏడవనీ తల్లీ, ఆ పిల్ల అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఏడ్చాక మైథిలి చెప్పింది. "అమ్మకి రావడానికి వీల్లేదు బుల్లీ. నాకు వీలుంది. విని కూడా రాలేదు. తప్పు నాదే. ఇంటికి పోదాం పద."

"దడి ఉందిగా?"

"పీకేశాను."

"గుమ్మడికాయ?"

"పోతే పోనీ."

ముందు చుక్క, వెనక వీళ్ళిద్దరూ. గుట్ట ఎక్కారు, వాగు దాటారు, చేలోకి వచ్చారు. రావడం రావడం చుక్క తిన్నగా గుమ్మడికాయ దగ్గరకే వెళ్ళింది. మూడు రోజుల ఆకలి మరి. కాయంతా తినేసింది, తొడిమె కూడా మిగల్చలేదు. అది చూసి బుల్లి నవ్వింది. కూతురి నవ్వు వినబడి బాబాయి వంటింట్లోంచి గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

జాతర జెండా ఎవరింటి మీదో ఎగిరింది. మైథిలి అటు చూడలేదు. మర్నాడు అక్కాచెల్లెళ్ళిద్దరూ మళ్ళీ దడి కట్టారు. పంట కావాలంటే దడి కావాల్సిందేగా. ఈసారి ముందు తడిక నిలబెట్టారు, వాగు వైపుకి, బుల్లి వచ్చే దారిలో. ఆ తర్వాతే కర్రలు పాతారు. మేకకి బయట మేత, సాయంత్రానికి లోపల పాక.

అంతా అయ్యాక మైథిలి తడిక మూసి గొళ్ళెం పెట్టబోయింది.

"గొళ్ళెం వద్దక్కా" అంది బుల్లి. "చేరవేసి ఉంచు."

"మేక తోసుకుని పోతుందే."

"పోతే నేను తీసుకొస్తాగా. ఎవరైనా వస్తారేమో, చేరవేసి ఉంచు."

మైథిలి తడిక చేరవేసి వచ్చేసింది.

ఇప్పటికీ ఆ తడిక అట్లాగే ఉందమ్మా. నిద్రొచ్చిందా? నేనూ మన తలుపు చేరవేసి వస్తా, నువ్వు కళ్ళు మూసుకో.

మేక వచ్చె దొడ్డికి,
తీగ పాకె దడికి,
గంట విన్న అక్క వెంట చెల్లి చేరె గూటికి,
కథ నడిచె కంచికి,
తడిక తీసి ఉంచి, మనం మన ఇంటికి.