మునిరత్నమ్మ సంచి

మదనపల్లెలో యతిరాజులు అయ్యవారి దగ్గర ఉపనిషత్తులు చెప్పించుకునేవాళ్లకు ఒక సంగతి త్వరగానే తెలిసొస్తుంది. ఎవరైనా ప్రశ్న వేస్తే ఆయన అప్పటికప్పుడు జవాబు చెప్పరు. కాసేపు గడ్డం నిమురుకుని, ఏదో ఒక పని పురమాయిస్తారు. ఎరువుల కొట్టు గజేంద్ర చేరి నెల కూడా కాలేదు కాబట్టి అతనికి ఇది తెలియదు. ఒక సాయంత్రం అందరి ముందూ అడిగాడు.

“అయ్యవారూ, ఎవరి అవసరమూ లేకుండా బతకగలగడమే కదా అసలైన స్వేచ్ఛ?”

ఆదివారం సైకిలు తీసుకుని రమ్మన్నారు అయ్యవారు.

ఆయన ఒకప్పుడు బడిలో డ్రిల్లు మాస్టరు. శిష్యులను సైకిళ్ల మీద హార్స్‌లీ కొండకు తీసుకుపోవడం అప్పటినుంచీ ఉన్న అలవాటు. మోకాళ్లు మొరాయించాక తాను బస్సులో ముందే పోయి కొండమీద కూర్చుంటున్నారు గానీ, ఆ ప్రయాణానికి పెట్టిన కట్టుబాటును మాత్రం సడలించలేదు. ఎవరి సైకిలు సామాను వాళ్లు మోయకూడదు. ట్యూబు, పంపు, స్పానర్లు ఒక సంచిలో పెట్టి ముందురోజే మరొకరికి అప్పగించాలి, వాళ్ల సంచి తాను తీసుకోవాలి. దారిలో ఆ ఇద్దరూ ఒకరికొకరు కనుచూపు మేరలో ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్లందరూ ఇదేం చాదస్తమని లోలోపల నవ్వుకుంటారు, గజేంద్ర కూడా నవ్వుకున్నాడు.

అతనికి జోడీగా పడింది మునిరత్నమ్మ. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సైకిలు ఎంత నిదానమంటే, పక్కన మేకలు తోలుకుపోయేవాళ్లతో కష్టసుఖాలు మాట్లాడుకుంటూ పోగలదు. గజేంద్రకేమో ఆ రోజు నిదానం పనికిరాదు. కొండమీద పిల్లల సంగీత శిబిరంలో అతని కూతురు నిహారిక మొదటిసారి ఒంటరిగా పాడబోతోంది, పది గంటలకు. బడి వార్షికోత్సవాలకు కొట్టు వదిలి పోలేక రెండుసార్లు మాట తప్పాడు. ఈసారీ రాకపోతే ఇంకెప్పుడూ పిలవనని ఆ పిల్ల ఫోన్లో చెప్పింది. అరవలేదు, ఏడవలేదు. అందుకే అతనికి భయం వేసింది.

అంగళ్లు ఊరు దాటేసరికే అతను కట్టుబాటును పక్కన పెట్టేశాడు. తన ఖరీదైన సైకిలు సీటు కింద చిన్న తోలుసంచిలో ఎవరికీ చెప్పకుండా మరో ట్యూబు, సామాను ఉండనే ఉన్నాయి. ఇక ఎవరి కోసమో ఆగడం ఎందుకనుకున్నాడు. కొండ మొదట్లో అందరూ టీకి దిగుతుంటే, వెనక్కి చూడకుండా ఘాటు రోడ్డెక్కాడు.

సగం కొండ ఎక్కాక వెనక చక్రంలో గాలి దిగిపోయింది. గజేంద్ర ధీమాగానే దిగాడు. తోలుసంచి విప్పి చూస్తే, కొన్ననాటినుంచీ స్పానర్ల పక్కనే పడివున్న కొత్త ట్యూబు గతుకుల్లో వాటికి రాసుకుని రాసుకుని చిల్లులు పడివుంది. అతికిద్దామంటే సొల్యూషన్ గొట్టంలోనే ఎండిపోయింది. వీపు మీది మునిరత్నమ్మ సంచిలో ఉన్నది వెడల్పు టైరు ట్యూబు, అతని చక్రానికి పట్టదు. ఫోనుకు సిగ్నల్ లేదు. పైకి పోయే కార్లు నిండుగా ఉన్నాయి, చెయ్యి ఊపితే ఒక్కటీ ఆగలేదు. రోడ్డు పక్క గోడమీద కూర్చుని, కూతురికి ఈసారి ఏ అబద్ధం చెప్పాలా అని ఆలోచించసాగాడు.

అప్పుడు మలుపులో మునిరత్నమ్మ కనిపించింది. సైకిలు తోసుకుంటూ వస్తోంది. ముఖం కందిపోయింది, రొప్పుతోంది. టీ తాగకుండా వచ్చేశారేమని గజేంద్ర సిగ్గుపడుతూ అడిగాడు.

“నీ సామాను నా దగ్గర పెట్టుకుని నేను టీ ఎట్ల తాగేది నాయనా?” అంది ఆమె.

సంచి విప్పితే అతని ట్యూబు పాత నూలుగుడ్డలో చుట్టి, పౌడరు చల్లి ఉంది. ముందురోజు గాలి కొట్టి బక్కెట్టు నీళ్లలో ముంచి చూసిందట, మరొకరి వస్తువు కదా, బాగానే ఉంటుందిలే అని వదిలేయకూడదని. ఆమె సంచిని గజేంద్ర విప్పి చూసింది ఇందాకే, అదీ తన అవసరం పడ్డాక. ఇద్దరూ కలిసి చక్రం బిగించారు. ఆమె పంపు కొట్టి, ఇక బయల్దేరమంది. “పో నాయనా, బిడ్డ దోవ జూస్తా ఉంటాది.”

నిహారిక వేదిక ఎక్కే వేళకు గజేంద్ర తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతుల నిండా చైను మసితో. పిల్ల అతన్ని చూసింది. చూసి, గొంతు సవరించుకుని పాడింది. మొదట కాస్త బెదిరినా చరణానికి వచ్చేసరికి కుదురుకుంది. గజేంద్ర ఏడ్చాడు, మసి చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

పాట అయ్యాక గోడకు చేరగిలబోతే వీపుకు ఏదో ఒత్తుకుంది. మునిరత్నమ్మ సంచి. తెల్లదారంతో ఆమె పేరు కుట్టి ఉంది దాని మీద. మిగతా శిష్యులు అప్పటికే వచ్చి, బయట అయ్యవారి చుట్టూ చేరి, దారిలో మునిరత్నమ్మ చెప్పిన చక్రం సంగతి చెబుతూ ఇడ్లీలు తింటున్నారు, ఆమె ఇంకా రాలేదు. తన సైకిలుకు ఏమైనా అయితే బాగుచేసుకునే సామానంతా ఇతని వీపు మీద కొండెక్కిపోతోందని ఆమెకు తెలుసు. బయల్దేరేముందు ఆ సంచి వాలిపోకుండా పట్టీ సరిచేసింది కూడా ఆమే. కానీ ఇమ్మని అడగలేదు. అడిగితే, తనను ఒంటరిగా వదిలి పోవడానికి ఇతనికి మనసొప్పదనుకుందేమో.

గజేంద్ర కూతుర్ని దగ్గరకు తీసుకుని తలమీద ముద్దుపెట్టాడు. ఆకు ముందు కూర్చోమని ఎవరో పిలుస్తున్నా వినకుండా, సైకిలెక్కి ఘాటు దిగసాగాడు.

పిల్ల చిన్నబుచ్చుకుని అయ్యవారి దగ్గరికి వచ్చింది. నాయన ఇప్పుడే కదా వచ్చాడు, మళ్లీ ఎందుకు కిందికి పోతున్నాడని అడిగింది.

అయ్యవారు ఆకు ముందునుంచి లేచి, దోవ కనిపించే చోట నిలబడ్డారు.

“మీ నాయనకు నీ పాట వినిపించిన మనిషి ఇంకా దోవలోనే ఉందమ్మా.”