మామిడికి రాజమర్యాద

ఒకానొక రాజ్యంలో, పేరు మాత్రం చెప్పను, చెబితే ఆ ఊరివాళ్ళు నా మీదికొస్తారు, ప్రతాపకేతు అనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే గాని మర్యాదల పిచ్చి. ఎవరు ఎవరికి ఎంత దూరంలో నిలబడాలి, ఎవరి తలపాగాకు ఎన్ని చుట్లుండాలి, అన్నీ ఆయనే తేల్చేవాడు. ఆ పిచ్చి మనుషులతో ఆగినా బాగుండును. చెట్లదాకా వచ్చింది!

ఒక ఏడు మేడ వెనక పెరట్లో పళ్ళచెట్లు వేయించాలని రాజుకు బుద్ధిపుట్టింది. తోట చూసేది కాటమ్మ. మొగుడు పోయాక పదిహేనేళ్ళుగా ఆ తోటే ఆమెకు లోకం. పెరటి చివర గుడిసెలో ముసలి అత్తగారితో ఉండేది.

"ఏ మొక్క ఎక్కడ పెట్టాలో నేను చూసుకుంటాను ప్రభూ" అంది కాటమ్మ.

"నీకేం తెలుసు? మొక్కలైనా సరే, నా కొలువులో ఎవరి చోటు వాళ్ళదే" అని రాజే గొడుగు కింద నిలబడి చోట్లు చూపించాడు.

పళ్ళకు రాజు మామిడి గనక అది తన పడకగది కిటికీ కింద, మేడకు ఉత్తరాన, గోడను ఆనుకొని ఉండాలన్నాడు. దాని కుడిపక్కన మంత్రి హోదాలో పనస, ఎడమపక్కన సేనాపతి హోదాలో నేరేడు. మధ్యలో మూడేసి అడుగులు, అంతే. దానిమ్మకాయకు నెత్తిన కిరీటం ఉంది గనక రాజబంధువట, దాన్ని స్నానాలగది పక్కన నీళ్ళు పారే చోట పెట్టించాడు. అరటిలో చేవ లేదు, పరువు తక్కువని గులకరాళ్ళ దిబ్బ మీదికి తోలాడు. నిమ్మ పులుపు గనక గుర్రపుశాల వెనక్కి పొమ్మన్నాడు.

కాటమ్మ ఉండబట్టలేక, "గోడ నీడలో మామిడికి ఎండ తగలదు ప్రభూ" అంది.

"ఎండే రాజు దగ్గరికి రావాలి. రాజు ఎండ దగ్గరికి వెళతాడా?"

రాజాజ్ఞ కదా పాపం! కాటమ్మ పలుగు తీసుకొని గుంటలు తవ్వింది.

నాలుగేళ్ళు గడిచాయి. మామిడి వెలుతురు కోసం మెడ సాచి సాచి సన్నగా పెరిగింది గాని ఒక్క పూతా పూయలేదు. అటు పనస, ఇటు నేరేడు దాన్ని నొక్కేస్తున్నాయి. దానిమ్మకు వేళ్ళు కుళ్ళాయి. అరటి నీళ్ళు లేక వడిలి, గెల వేయడమే మరిచిపోయింది. ఒక్క నిమ్మ మాత్రం గుర్రాల పెంట తిని, పొద్దస్తమానం ఎండ కాచుకొని విరగకాసింది.

"చూశారా, వెళ్ళగొట్టేసరికి భయపడి ఎలా కాసిందో!" అని రాజు మీసం మెలేశాడు. కొలువంతా తలలూపింది. ఊపక చస్తారా!

మిగతా చెట్లు కాయనందుకు మాత్రం తప్పు కాటమ్మ మీద పడింది. "ఇది పనిదొంగ. నా పుట్టినరోజు విందు కాగానే గుడిసె ఖాళీ చేసి రాజ్యం దాటి పోవాలి" అని రాజు ఆజ్ఞ వేశాడు.

అది విని కాటమ్మ గుడిసెలో ఉన్న అత్తగారిని తలచుకుంది. ఆ ముసలమ్మను తీసుకొని ఏ ఊరు పోవాలి? ఎవరు పనిస్తారు? నేరుగా వల్లభయ్య ఇంటికి పరుగెత్తింది.

వల్లభయ్య ఆస్థానంలో చమత్కారి. రాజును నవ్వించడం ఆయన ఉద్యోగం, రాజుకు బుద్ధి చెప్పడం ఆయన సరదా. కాటమ్మ చెప్పిందంతా విని, "చెట్ల సంగతి నాకు తెలియదు గాని కాటమ్మా, రాజు సంగతి తెలుసు. వెళ్ళి నిశ్చింతగా అన్నం తిను" అన్నాడు.

"నా తల కోసం మీ తల మీదికి తెచ్చుకోకండి బాబూ."

"నా తలకేం, గట్టిది" అని నవ్వాడాయన.

మర్నాడు కొలువులో చేతులు కట్టుకొని, "ప్రభూ, ఈ ఏడు తమరి పుట్టినరోజు విందుకు ఎవరు ఎక్కడ కూర్చోవాలో, బంతులు నేను తీరుస్తాను. పెరట్లో తమరు పెట్టిన మర్యాదకు వెంట్రుకవాసి తేడా రానివ్వను" అన్నాడు.

రాజు పొంగిపోయాడు. "అలాగే కానీయవయ్యా!"

విందు రోజు వచ్చింది. భోజనశాలలో గోడను ఆనించి రాజుకు పీట వేశారు. కుడిపక్కన మహామంత్రి, ఆయన పొట్ట ఆయనకంటే ముందు గదిలోకొచ్చే రకం. ఎడమపక్కన సేనాపతి, భుజాలు గుమ్మంలో పట్టని మనిషి. ముగ్గురి మధ్య బెత్తెడు సందు లేదు. రాజుగారి బావమరిది చెవులకు వజ్రాలు, తలకు చిన్న కిరీటం పెట్టుకొని వచ్చాడు. ఆయన్ని చేతులు కడుక్కునే చోట కూర్చోబెట్టారు, పట్టుబట్టలు నిమిషంలో తడిసి ముద్దయ్యాయి. ముద్ద ముద్దకూ నీళ్ళడిగే ఆస్థాన గాయకుడికి దూరంగా ఎత్తరుగు మీద విస్తరి వేసి, మంచినీళ్ళు అటు వెళ్ళకుండా చూశారు. గుర్రాల కాపరి ఓబులును మాత్రం అవమానంగా వంటశాల గుమ్మం బయట కూర్చోబెట్టారు.

వడ్డన మొదలైంది. గారెలు, బూరెలు, పులిహోర, అన్నీ గుమ్మం దాటగానే మొదట ఓబులు విస్తట్లో పడుతున్నాయి. వాడు రెండు చేతులా లాగిస్తున్నాడు. రాజు దగ్గరికి రావాలంటే వడ్డించేవాళ్ళకు కాలు పెట్టే చోటు లేదు. ఇంత ఉప్పు, ఒక ఊరగాయ ముక్క పడ్డాయి, అంతే. ఆ ముక్క తిందామంటే చెయ్యి నోటిదాకా లేవదు. ఇటు మంత్రి మోచెయ్యి, అటు సేనాపతి మోచెయ్యి! రాజు కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి.

అప్పుడు వల్లభయ్య ఎదురుగా వచ్చి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అయ్యో ప్రభూ! తమరి విస్తరి ఖాళీగా ఉందే! ఆ వంటవాడు ఉత్త పనిదొంగ. ఇప్పుడే రాజ్యం దాటించండి."

"వంటవాడేం చేస్తాడయ్యా!" అని రాజు గర్జించాడు. "వాడు వండాడు, వాసన నా ముక్కు పగలగొడుతోంది! నన్నిలాంటి చోట ఇరికిస్తే వాడి తప్పా? ఇరికించినవాణ్ణి అనాలి గాని!"

"చిత్తం. ఇరికించినవాణ్ణి ఏం చేయమంటారు?"

"నాలుగు..." అని ఆగాడు రాజు. వల్లభయ్య తలవంచుకొని నిలబడ్డాడు. "ఈ బంతి నేను కనిపెట్టింది కాదు ప్రభూ. మామిడి స్థానంలో తమరు, పనస స్థానంలో మంత్రిగారు, నేరేడు స్థానంలో సేనాపతిగారు. తమరికి అరగంట కష్టం. ఆ మామిడి నాలుగేళ్ళుగా ఇలాగే ఇరుక్కుని ఉంది."

రాజు మొహం ఎర్రబడింది. ఆ ఎర్రటి మొహం కిటికీవైపు తిరిగింది, పక్కనే పడకగది కింద బక్కచిక్కిన మామిడిని చూసింది. ఒక్కసారిగా మీసాల కింద నవ్వు పుట్టింది. పుట్టి, పెరిగి, పక్కనున్న మంత్రి పొట్ట కూడా కదిలేదాకా పోయింది.

"లేవనీయండయ్యా నన్ను!" అంటూ రాజు లేచి, తిన్నగా వెళ్ళి ఓబులు పక్కన చతికిలబడి కడుపునిండా తిన్నాడు. చేయి కడుక్కొని పెరట్లోకి వచ్చి కాటమ్మను పిలిపించాడు.

"తప్పు నీది కాదమ్మా, నాది. గుడిసె, దాని చుట్టూ ఉన్న నేల ఇక నీ సొంతం. ఏ చెట్టు ఎక్కడుండాలో చెప్పు, నేను నోరెత్తను."

కాటమ్మ కళ్ళు తుడుచుకొని నడుం బిగించింది. "అరటి పిలకలు స్నానాల నీళ్ళు పారే చోటికి. దానిమ్మలు కొత్తవి తెచ్చి దిబ్బ మీద. పనస, నేరేడు కూడా కొత్తవే పెరటి చివరల్లో, చెరొక మూల. ఈ మామిడి ముదిరింది, కదిపితే బతకదు, కొత్త అంటు నాటాలి. తమరి కిటికీ కింద తమలపాకు తీగ వేస్తాను. దానికి నీడే ఇష్టం."

"బాగుంది. మరి కొత్త మామిడి ఎక్కడ?"

కాటమ్మ వల్లభయ్య వైపు చూసింది. వల్లభయ్య కళ్ళతోనే చెప్పమన్నాడు. ఆమె చెయ్యి చాచి పెరటి నడిమధ్యకు చూపించింది. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఎండపడే చోటు అదొక్కటే. అక్కడ రాజుగారి పాలరాతి మండపం ఉంది, సాయంత్రాలు ఆయన కొలువుతీరే మండపం.

అందరూ రాజు మొహం చూశారు. రాజు మండపాన్ని చూశాడు, ఆకాశంలో సూర్యుణ్ణి చూశాడు, పకపకా నవ్వాడు.

"మండపం విప్పి గోడ నీడకు చేర్చండి! కాయాల్సింది మామిడి గాని నేను కాదుగా!" అని తన చేతి కంకణం తీసి వల్లభయ్యకు తొడిగాడు.