గంగాళం లోపలి తెలుపు

అనగనగా ఒక ఊళ్ళో, బంగారూ, ఏడాదికోసారి ఊరంతా ఒకే పంక్తిలో కూర్చుని తినేవాళ్ళు. ఆ వంటంతా అచ్చమ్మది. ఆవిడకి తాయారని కొత్త కోడలు వచ్చింది.

"ఈసారి పులుసు నీ చేతిదే అమ్మాయ్" అంది అచ్చమ్మ.

పులుసు కుదిరితే వంట పెత్తనం తాయారుదే, గరిటె చేతికొస్తుంది. కుదరకపోతే జన్మంతా కూరలు తరుక్కోవడమే.

అప్పుడు ఆ పిల్ల పెద్ద ఇత్తడి గంగాళం దింపింది. లోపలంతా తెల్లగా, మసగ్గా ఉంది. మురికనుకుంది పాపం. చింతపండేసి తోమింది, పోలేదు. బూడిదేసి తోమింది, పోలేదు. ఇటుకపొడేసి మూడు రోజులు తోమింది. ఆ తర్వాత గంగాళం బంగారంలా మెరిసింది. తాయారు మురిసిపోయింది.

భోజనాలకి ముందురోజు సాయంత్రమే చింతపులుసు పిండి అందులో పోసి ఉంచింది. పొద్దున్నే చూస్తే అంచు చుట్టూ పచ్చగా చిలుము. నాలిక మీద వేసుకుంటే ఒకటే వగరు. బెల్లం వేసింది, పోలేదు. ఉప్పు వేసింది, పోలేదు. ఇంగువ వేసింది, ఊహూ.

చెప్పకుండా వడ్డించేస్తే? పారబోస్తే అత్త ఏమంటుందో?

అవతల మస్తాను తాత గిన్నెలకి కళాయి పెడుతున్నాడు. కళాయంటే తగరం పూతమ్మా, తెల్లగా ఉంటుంది. అచ్చం తను తోమేసిన తెలుపులాగే ఉందే అనుకుని, తాయారు వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చింది.

తాత తొంగిచూశాడు. "దీని చొక్కా ఎవరు విప్పారే?"

"మురికనుకున్నా తాతా."

"రాగీ తుత్తునాగమూ కలిపితే ఇత్తడి. చింతపండుతో తోమితే అది ఎందుకు మెరుస్తుందంటావ్? పులుపు దాని పైపొర తినేస్తుంది గనక. రాత్రంతా తింది. తిన్నదంతా ఈ పులుసులోనే ఉంది. తగరమైతే పులుపుకి అంత తేలిగ్గా లొంగదు. అందుకే ఆ చొక్కా."

తాయారు, అందరూ చూస్తుండగానే, గంగాళం వంచేసింది.

తాత దాన్ని నిప్పుల మీద కాచాడు. నవాసారమనే ఉప్పుపొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచింది. తగరం ముక్క ఆనించాడు. ఇత్తడి చెక్కుచెదరలేదు, తగరం మాత్రం వెన్నలా కరిగింది. దూదితో గిర్రున తిప్పి రాశాడు. ఆ తర్వాత చింతపండు మళ్ళీ నానింది, పులుసు మళ్ళీ పొంగింది.

అచ్చమ్మ వచ్చింది. తాయారు తల దించుకుంది.

"కొత్త కోడలిగా ఉన్నప్పుడు నేనూ ఇలాగే తోమానే" అంది అచ్చమ్మ, మెల్లిగా. "నేను పారబొయ్యలేదు. ఊరంతా మూడు రోజులు చెంబులు పట్టుకుని పొలాలకి పరిగెత్తారు. ఎండదెబ్బ అనుకున్నారు, ఎవరికీ చెప్పకు. ఇదిగో గరిటె, ఇక నీదే."

తాయారు మొదటి గరిటె మస్తాను తాత విస్తట్లో వేసింది. రెండు చేతులూ జోడించి, "నువ్వు లేకపోతే తాతా..." అంది.

"తిననివ్వవే, చల్లారిపోతుంది" అన్నాడు తాత.

అప్పట్నించీ ఆ ఊళ్ళో మొదటి గరిటె కళాయి పెట్టిన చేతికే.

పులుపు చింతకి, తెలుపు తగరానికి,
దండం మనకోసం పొగ మింగిన మనిషికి,
కథ కంచికి, కునుకు నీ కంటికి.