ఎడమ మూతకు రవ్వ

"మందు మంచిదే అయినప్పుడు, ఇంకాస్త ఎక్కువ రాస్తే తప్పేమిటి గురువుగారూ?" అని హైమవతి అడిగింది. అడుగుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏడుపు వల్ల కొంత, మంట వల్ల కొంత.

గురువుగారంటే మృదంగం కామేశంగారు. ఆయనకు రెండు అలవాట్లు. శిష్యుల్ని ఎదుట మెచ్చుకోరు. అడిగినదానికి నేరుగా జవాబు చెప్పరు.

హైమవతి సంగతి ఇది. ఏడాదిగా ఆ పిల్లకు బుగ్గల మీద, ముక్కు మీద ఎరుపు, సన్నని పొక్కులు. ఎండలో నడిచినా, పొయ్యి దగ్గర నిలబడినా, ఆవకాయ ముద్ద తిన్నా మొహం కందగడ్డ అయిపోయేది. చూసినవాళ్ళు "ఎవరి మీదమ్మా అంత కోపం?" అని నవ్వేవాళ్ళు. పట్నంలో చర్మం డాక్టరుగారు చూసి, దీన్ని రోజేసియా అంటారని చెప్పి, ఒక ట్యూబు రాసిచ్చారు. "రాత్రిపూట ఒక్కసారి, పల్చగా. కళ్ళ దగ్గరికి పోనివ్వకు. ఎండలోకి వెళ్తే గొడుగు వెయ్యి. గుణం కనబడటానికి వారాలు పడుతుంది, తొందరపడకు" అన్నారు.

తొందరపడకు అంటే ఎలా? త్వరలోనే టౌను సభలో హైమవతి మొదటి కచేరీ. ఆడపిల్ల మృదంగం వాయిస్తుందంటేనే జనం చేతులకన్నా ముందు మొహంకేసి చూస్తారు. అందుకని పూటపూటకీ మందు మెత్తింది. అది చాలదన్నట్టు, పిన్ని తన గజ్జికి వాడగా మిగిలిన ట్యూబు ఇస్తే అదీ పైన పూసింది. ఒకటి రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే కనబడింది. ఆ తరువాత మొహమంతా నిప్పు.

"నేను కచేరీకి రాను గురువుగారూ. ఇంకెవరినైనా చూసుకోండి" అంది.

కామేశంగారు మూలనున్న మృదంగం చూపించారు. "సరేలే. ముందు ఆ మృదంగానికి రవ్వ పెట్టు" అన్నారు.

మృదంగం ఎడమ మూత గంభీరంగా పలకాలంటే, వాయించే ముందు బొంబాయి రవ్వను నీళ్ళతో తడిపి, చిన్న ముద్ద చేసి, మూత మధ్యలో అంటిస్తారు. వాయించడం అయ్యాక గీకేసి తుడుస్తారు. ఏడుస్తూనే హైమవతి చేతులు పనిలో పడ్డాయి. కాస్త ముద్ద తీసింది. అద్దింది. అరచేత్తో మోగించి విన్నది. కొంచెం గోటితో తీసేసి, మళ్ళీ విన్నది.

"అంతేనా పీనాసీ!" అని గురువుగారు గిన్నెలో మిగిలిన రవ్వంతా తీసి, మూత మీద పిడక చరిచినట్టు చరిచారు.

"అయ్యో, ఇదేం పని గురువుగారూ!"

"రవ్వ మంచిదేగా?"

"మంచిదైతే మాత్రం! నాదం చచ్చిపోతుంది. తోలు నానిపోతుంది!"

ఆయన ఒక దెబ్బ వేశారు. తడిగోడను కొట్టినట్టు 'తప్' మంది. "పోనీ, కాస్త శనగపిండి కూడా కలపనా? మీ పిన్నికి బజ్జీల్లో బాగానే కుదిరిందిగా" అన్నారు.

హైమవతికి నవ్వొచ్చింది. నవ్వితే బుగ్గలు భగ్గుమన్నాయి. ఆయన చెయ్యి పక్కకు నెట్టి, ఆ రవ్వంతా మెల్లగా గీకి, పొడిగుడ్డతో రుద్దకుండా అద్ది తుడిచి, మృదంగాన్ని నీడపట్టున పెట్టింది. "ఇప్పుడు దీని జోలికి వెళ్ళకండి. చెమ్మ దానంతటదే ఆరాలి" అని గురువుకే చెప్పింది. చెప్పి, ఆగిపోయింది.

"ఇదీ తోలేనమ్మా" అన్నారు కామేశంగారు మృదంగం వైపు చూస్తూ. ఆమె మొహం వైపు మాత్రం చూడలేదు.

ఆ మధ్యాహ్నమే హైమవతి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, పిన్ని ట్యూబు సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఆయన తల పట్టుకున్నారు. ఒకరికి ఇచ్చిన మందు ఇంకొకరు పూయడమేమిటి, అందులోనూ మొహానికి, అని మందలించి దాన్ని మానిపించారు. తాను రాసిచ్చిన మందు కూడా మంట తగ్గేదాకా ఆపమన్నారు. కొన్నాళ్ళు ఓర్చుకోవాలన్నారు. హైమవతి ఓర్చుకుంది. మళ్ళీ మొదలుపెట్టమన్నప్పుడు, ఆయన చూపించినట్టే, మొహమంతటికీ బఠాణీ గింజంత.

కచేరీనాటికి మంట పోయింది. ఎరుపు తగ్గింది గాని, ఇంకా ఉంది. తెర వెనక, ఆ కచేరీలో పాడబోయే ఆవిడ జాలిపడి, "పౌడరు దట్టంగా కొట్టుకోవే, లైట్లలో కనబడదు" అని డబ్బా అందించబోయింది.

"వద్దక్కా, ఉండనివ్వండి" అని హైమవతి ఎడమ మూతకు రవ్వ అద్దడంలో పడింది. కాస్త తీసింది. విన్నది. కొంచెం తగ్గించింది.

ఆ సాయంత్రం జనం మొదట మొహమే చూశారు. పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం వచ్చేసరికి చేతులు చూశారు.

అంతా అయ్యాక ఆ పిల్ల కూర్చుని రవ్వ గీకుతుంటే కామేశంగారు వచ్చి పక్కన నిలబడ్డారు. "బాగా వాయించావే" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. హైమవతి మొహం చెవుల దాకా ఎర్రబడింది. అలవాటు కొద్దీ రెండు చేతులతో బుగ్గలు కప్పుకుంది.

"చేతులు తియ్యమ్మా" అన్నారు గురువుగారు. "ఈ ఎరుపు డాక్టరుగారికి చూపించక్కర్లేదు."